స్విచ్ వేస్తే నేరుగా బిల్లు తెర: పాత కంప్యూటర్‌లో డాస్ ప్రోగ్రాం దానంతటదే తెరుచుకునేలా చేయడం ఎట్టా

కోవూరు వైపు రైసు మిల్లు ఆఫీసుల్లో, ముత్తుకూరు రోడ్డులో రొయ్యల మేత అమ్మే షాపుల్లో, చీమకుర్తి గ్రానైటు లెక్కల గదుల్లో ఇప్పటికీ పెంటియం 4 డబ్బాలు తిరుగుతూనే ఉన్నాయి. వాటిని మార్చకపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. ఎప్పుడో డాస్ (విండోస్‌కు ముందు కాలపు, ఆదేశాలు టైపు చేసి నడిపే వ్యవస్థ) మీద రాయించుకున్న ఫాక్స్‌ప్రో (పద్దుల ప్రోగ్రాములు రాసే పాత సాఫ్ట్‌వేర్) బిల్లింగ్ ప్రోగ్రాం, దానికి తగ్గ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, పదిహేనేళ్ల పద్దులు అందులోనే ఉంటాయి. ఇబ్బంది ఏందంటే, పొద్దున షాపు తీసిన కుర్రాడు విండోస్ రాగానే నల్ల తెర తెరిచి, ఫోల్డర్‌లోకి వెళ్లి, ప్రోగ్రాం పేరు కొట్టాలి. ఒక్క అక్షరం తప్పితే ఓనర్‌కి ఫోన్. స్విచ్ వేసిన తర్వాత ఎవరూ కీబోర్డు ముట్టకుండానే బిల్లు తెర వచ్చేలా చేయడమే ఇక్కడి పని.

ముందుగా ఒక మాట. కింద ఆదేశాలన్నీ పలికే తీరులో తెలుగు అక్షరాలతో ఇచ్చాం. కంప్యూటర్‌లో మాత్రం మామూలు ఇంగ్లీషు స్పెల్లింగుతోనే కొట్టాలి. గీతలు, చుక్కలు, శాతం గుర్తులు ఉన్నవి ఉన్నట్టే పెట్టండి. 'నల్' అని ఉన్నచోట ఎన్, యు, ఎల్ అని మూడే అక్షరాలు. రెండో ఎల్ పెడితే ఆ పేరుతో ఫోల్డర్‌లో ఒక చెత్త ఫైలు పుడుతుంది. ఉదాహరణ కోసం ప్రోగ్రాం సి డ్రైవ్‌లో 'ఏసీసీ' అనే ఫోల్డర్‌లో ఉందని, దాని పేరు 'బిల్' అని అనుకుందాం.

ముందు చేత్తో నడిపి చూడండి

ఆటోమేటిక్‌గా చేయబోయే ప్రతి అడుగూ ముందు చేత్తో చేస్తే పనిచేయాలి. స్టార్ట్, రన్, 'సీఎండీ' అని కొట్టి నల్ల తెర తెరవండి. 'సీడీ \ఏసీసీ' కొట్టి, 'బిల్' కొట్టండి. ప్రోగ్రాం తెరుచుకుందా, పాత బిల్లు కనిపిస్తోందా, ప్రింటు వస్తోందా చూడండి. ఇక్కడ ఆగిపోయేది బ్యాచ్ ఫైల్లో (ఆదేశాలను వరుసగా రాసిపెట్టే ఫైలు) పెట్టినా ఆగిపోతుంది. తేడా ఒక్కటే: అక్కడ తెర మూసుకుపోయి కారణం కనపడదు.

విండోస్ ఎక్స్‌పీలో ఈ దశలోనే తరచుగా ఒక తప్పు ఎదురవుతుంది. '16 బిట్ ఎంఎస్-డాస్ సబ్‌సిస్టమ్' అనే పెట్టె వచ్చి 'ఆటోఎగ్జెక్.ఎన్‌టీ' ఫైలు సరిగా లేదంటుంది. దీనికి విండోస్ మళ్లీ వేయాల్సిన పని లేదు. సి:\విండోస్\రిపేర్ ఫోల్డర్‌లో అదే పేరుతో మంచి నకలు ఉంటుంది. దాన్ని సి:\విండోస్\సిస్టమ్32 లోకి కాపీ చేయండి. రెండు రోజుల్లో మళ్లీ అదే తప్పు వస్తే ఏదో వైరస్సో, పాత సాఫ్ట్‌వేరో దాన్ని చెరిపేస్తోందని అర్థం. ఫైలుకి రీడ్-ఓన్లీ పెట్టి, ఆ తర్వాత దొంగను వెతకండి.

'టూ మెనీ ఫైల్స్ ఓపెన్' అని ఫాక్స్‌ప్రో అరిస్తే, అదే సిస్టమ్32లో ఉన్న 'కాన్ఫిగ్.ఎన్‌టీ' ఫైల్లో 'ఫైల్స్=40' అన్న చోట 100 చేయండి. 'రన్‌టైమ్ ఎర్రర్ 200' వస్తే మాత్రం అది టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన పాత ప్రోగ్రాం. ప్రాసెసర్ వేగం ఎక్కువై మొదట్లోనే లెక్క తప్పుతోంది. సెట్టింగులతో ఇది పోదు. ప్రోగ్రాం ఫైలుకే ప్యాచ్ (తప్పు సరిచేసే మార్పు) వేయాలి.

పిఫ్ ఫైలు: తెర సైజు, వేడి రెండూ ఇక్కడే

ఎక్స్‌పీలో 'బిల్' ప్రోగ్రాం ఫైలు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. ప్రోగ్రాం ట్యాబ్‌లో 'వర్కింగ్' అన్న గడిలో సి:\ఏసీసీ అని రాయండి. ఇది ఖాళీగా ఉంటే ప్రోగ్రాం తెరుచుకుంటుంది కానీ డేటా ఫైళ్లు వేరే ఫోల్డర్‌లో వెతికి 'ఫైల్ నాట్ ఫౌండ్' అంటుంది. 'క్లోజ్ ఆన్ ఎగ్జిట్' టిక్ చేయండి. స్క్రీన్ ట్యాబ్‌లో ఫుల్-స్క్రీన్ ఎంచుకోండి. మధ్యలో ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే చిన్న కిటికీలోకి వస్తుంది, మళ్లీ నొక్కితే పెద్దదవుతుంది. ఇది కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లకి చెప్పి ఉంచండి. ఎవరో పొరపాటున నొక్కి 'తెర చిన్నదైపోయింది' అని కంగారు పడటం మామూలే.

మిస్క్ ట్యాబ్‌లో 'ఐడిల్ సెన్సిటివిటీ' అనే జరిపే మీట ఉంటుంది. దాన్ని హై వైపు జరపండి. డాస్ ప్రోగ్రాములు ఊరికే ఉన్నప్పుడు కూడా కీబోర్డులో ఏదైనా నొక్కారా అని ఆగకుండా అడుగుతూనే ఉంటాయి. అందుకే టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వాడకం 100 శాతం చూపిస్తుంది. మే నెల ఒంగోలులో, ఏసీ లేని గదిలో, దుమ్ము పట్టిన ఫ్యానుతో పెంటియం 4 రోజంతా అట్టా తిరిగితే మధ్యాహ్నానికి దానంతటదే ఆగిపోతుంది. మీట జరిపితే చాలామటుకు తగ్గుతుంది.

ఓకే నొక్కగానే అదే ఫోల్డర్‌లో 'బిల్.పిఫ్' అనే ఫైలు పుడుతుంది. ఎక్స్‌టెన్షన్లు చూపించమన్నా విండోస్ ఈ పిఫ్ అన్న తోకను మాత్రం చూపించదు. ఒకే పేరుతో రెండు ఐకాన్లు కనిపిస్తే ఒకటి ఇదే. ఇక నుంచి ప్రోగ్రాంని నేరుగా కాకుండా ఈ పిఫ్ ద్వారానే తెరవాలి, లేకపోతే పెట్టిన సెట్టింగులు వర్తించవు.

బ్యాచ్ ఫైలు

నోట్‌ప్యాడ్‌లో ఇది రాయండి:

@ఎకో ఆఫ్
టైటిల్ బిల్లు మొదలవుతోంది
ఇఫ్ %డేట్:~6,4% ఎల్ఎస్ఎస్ 2025 గోటూ తప్పు
పింగ్ -ఎన్ 21 127.0.0.1 >నల్
నెట్ యూజ్ ఎల్పీటీ1: /డిలీట్ >నల్ 2>&1
నెట్ యూజ్ ఎల్పీటీ1: \\షాప్\డాట్
ఎక్స్‌కాపీ సి:\ఏసీసీ\*.* డి:\బ్యాకప్\%డేట్:~0,2%\ /ఇ /వై /ఐ >నల్
స్టార్ట్ "బిల్లు" సి:\ఏసీసీ\బిల్.పిఫ్
ఎగ్జిట్
:తప్పు
ఎకో తేదీ తప్పుగా ఉంది. గడియారం సరిచేసి మళ్లీ స్టార్ట్ చేయండి.
పాజ్

సేవ్ చేసేటప్పుడు 'సేవ్ యాజ్ టైప్' దగ్గర ఆల్ ఫైల్స్, ఎన్‌కోడింగ్ దగ్గర ఆన్సి ఎంచుకుని, 'మొదలు.బ్యాట్' అని పేరు పెట్టండి. ఆల్ ఫైల్స్ ఎంచుకోకపోతే అది 'మొదలు.బ్యాట్.టీఎక్స్‌టీ' అయి కూర్చుంటుంది. విండోస్ చివరి తోక దాచేస్తుంది కాబట్టి చూడటానికి అంతా బాగానే ఉంటుంది, క్లిక్ చేస్తే నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. ఫోల్డర్ ఆప్షన్స్‌లో ఎక్స్‌టెన్షన్లు దాచే టిక్కు మొదటే తీసేయండి.

ఈ ఫైలుకి 'పింగ్', 'నెట్' లాంటి పేర్లు పెట్టవద్దు. నల్ల తెర ఏ ఆదేశాన్నైనా ముందు ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. 'పింగ్.బ్యాట్' లోపల 'పింగ్' అని రాస్తే అది తనను తానే పిలుచుకుంటూ ఎప్పటికీ తిరుగుతుంది.

ఇప్పుడు ఒక్కో వరుస ఎందుకో చూద్దాం.

మూడో వరుస తేదీ చూస్తుంది. ఇది ఉండి తీరాలి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోతే గడియారం ఎప్పటిదో పాత సంవత్సరానికి పోతుంది. ఆ తేదీతో పది బిల్లులు కొడితే లెక్కలు సరిచేయడానికి రోజు పడుతుంది. 2025 అన్నచోట మీరు ఫైలు రాసే సంవత్సరం పెట్టుకోండి. అయితే '%డేట్%' చూపించే తీరు కంట్రోల్ ప్యానెల్‌లోని రీజనల్ సెట్టింగ్‌ను బట్టి మారుతుంది. ఇండియా ఇంగ్లీషు పెట్టి ఉంటే 05-11-2025 అన్నట్టు వస్తుంది, అమెరికా ఇంగ్లీషు అయితే ముందు వారం పేరు, తర్వాత నెల వస్తాయి. ముందు నల్ల తెరలో 'ఎకో %డేట్%' కొట్టి చూడండి. రోజు మొదట్లో, సంవత్సరం చివర్లో రాకపోతే రీజనల్ సెట్టింగ్ ఇండియాకి మార్చండి. ఆ 6,4 అంటే ఆరు అక్షరాలు వదిలి నాలుగు తీసుకోమని, 0,2 అంటే మొదటి రెండు తీసుకోమని.

నాలుగో వరుస ఇరవై సెకన్ల ఆలస్యం. ఎక్స్‌పీలో 'టైమౌట్' ఆదేశం లేదు, అది తర్వాతి విండోస్‌ల సంగతి. అందుకని కంప్యూటర్ తనను తానే సెకనుకొకసారి పలకరించుకునే పింగ్‌ను వాడుకుంటాం. మొదటి పలకరింపు వెంటనే జరుగుతుంది కాబట్టి ఇరవై సెకన్లకు 21. ఈ ఆలస్యం లేకపోతే, విండోస్ నెట్‌వర్కు, ప్రింటరు సర్వీసులు లేవకముందే తర్వాతి వరుస నడిచి విఫలమవుతుంది. రోజూ చేత్తో నడిపితే పనిచేసి, స్టార్టప్‌లో పెడితే మాత్రం ప్రింటు రాదనే గోల చాలాసార్లు ఇదే. 256 ఎంబీ ర్యాము ఉన్న డబ్బాలకు 41 పెట్టండి.

ఎక్స్‌కాపీ వరుస రోజుకో ఫోల్డర్‌లో నకలు తీస్తుంది, 01 నుంచి 31 వరకు. వచ్చే నెల అదే తేదీకి పాతదాని మీద రాస్తుంది, డిస్కు నిండదు. ప్రోగ్రాం తెరవకముందే తీస్తున్నాం కాబట్టి ఫైళ్లు మూసి ఉంటాయి, నకలు శుభ్రంగా వస్తుంది. సి, డి రెండూ ఒకే హార్డు డిస్కులో భాగాలైతే డిస్కు పోయిన రోజు రెండూ పోతాయి. వారానికోసారైనా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.

స్టార్ట్ వరుసలో కోట్స్ మధ్య ఉన్న 'బిల్లు' కిటికీ పేరు మాత్రమే. చాలామంది ఈ పేరు వదిలేసి నేరుగా దారిని కోట్స్‌లో పెడతారు. అప్పుడు విండోస్ ఆ దారినే పేరనుకుని ఖాళీ నల్ల తెర ఒకటి తెరిచి ఊరుకుంటుంది. స్టార్ట్ అనే మాట లేకుండా రాస్తే బ్యాచ్ ఫైలు ఆ ప్రోగ్రాం మూసేదాకా అక్కడే కాచుకుని ఉంటుంది, వెనకాల ఇంకో నల్ల కిటికీ రోజంతా మిగిలిపోతుంది. దాన్ని ఎవరో ఒకరు మూసేస్తారు, బిల్లు కూడా పోతుంది.

ప్రింటర్

ప్రింటర్ పాత పొడవాటి పారలల్ కేబుల్‌తో ఉంటే ఆ రెండు నెట్ వరుసలూ తీసేయండి, అవసరం లేదు. యూఎస్‌బీ డాట్ మ్యాట్రిక్స్ అయితేనే ఈ తంటా. డాస్ ప్రోగ్రాంకి ఎల్పీటీ1 (పారలల్ కేబుల్ తగిలించే పోర్టు) తప్ప వేరే ప్రింటర్ తెలియదు. అందుకే యూఎస్‌బీ ప్రింటర్‌ను షేర్ చేసి, ఎల్పీటీ1కి వెళ్లేదంతా ఆ షేరుకి మళ్లిస్తాం.

ప్రింటర్స్‌లో దాని మీద కుడి క్లిక్, షేరింగ్, పేరు 'డాట్' అని పెట్టండి. ఎనిమిది అక్షరాల లోపు, ఖాళీలు లేకుండా. '\\షాప్' అన్నది కంప్యూటర్ పేరు, మై కంప్యూటర్ ప్రాపర్టీస్‌లో కనిపిస్తుంది. కంపెనీ డ్రైవర్ సీడీ పోయిందా? విండోస్‌లోనే ఉన్న 'జెనరిక్ / టెక్స్ట్ ఓన్లీ' డ్రైవర్ చాలు.

తప్పు నంబర్లు చూసి కారణం పట్టుకోవచ్చు. 85 వస్తే ఎల్పీటీ1 ఇంతకుముందే మళ్లించి ఉందని. అందుకే ముందు వరుసలో డిలీట్ పెట్టాం. 67 వస్తే షేర్ పేరు తప్పు. 53 వస్తే కంప్యూటర్ పేరు తప్పు, లేదా నెట్‌వర్కు కార్డుకి కేబుల్ లేదు. ఒంటరి కంప్యూటర్‌కి కేబుల్ ఎక్కడిది? దానికి యాడ్ హార్డ్‌వేర్‌లోకి వెళ్లి, చేత్తో ఎంచుకునే దారిలో నెట్‌వర్క్ అడాప్టర్స్, మైక్రోసాఫ్ట్, మైక్రోసాఫ్ట్ లూప్‌బ్యాక్ అడాప్టర్ వేయండి. కేబుల్ లేకుండానే నెట్‌వర్కు ఉన్నట్టు విండోస్ నమ్ముతుంది.

స్టార్టప్ ఫోల్డర్‌లో పెట్టడం

'మొదలు.బ్యాట్' ఫైలునే అక్కడికి జరపకండి, దాని షార్ట్‌కట్ మాత్రం పెట్టండి. స్టార్ట్ మెనూలో ఆల్ ప్రోగ్రామ్స్, స్టార్టప్ మీద కుడి క్లిక్ చేసి 'ఓపెన్ ఆల్ యూజర్స్' ఎంచుకుంటే సరైన చోటు తెరుచుకుంటుంది. షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో 'రన్' దగ్గర మినిమైజ్డ్ పెట్టకండి. తేదీ తప్పన్న హెచ్చరిక కింద దాక్కుంటుంది.

విండోస్ మొదట్లో పేరు, పాస్‌వర్డ్ అడుగుతూ ఆగితే స్టార్టప్ అసలు నడవదు. రన్‌లో 'కంట్రోల్ యూజర్‌పాస్‌వర్డ్స్2' కొట్టి, పైన ఉన్న 'యూజర్స్ మస్ట్ ఎంటర్' అనే టిక్కు తీసేసి ఓకే నొక్కండి. ఆ యూజర్ పాస్‌వర్డ్ ఒకసారి అడుగుతుంది, అంతే. గల్లాపెట్టె పక్కనే నలుగురూ తిరిగే చోట ఇలా చేయడం మంచిదా అంటే కాదు. బిల్లింగ్ ప్రోగ్రాంకి సొంత పాస్‌వర్డ్ ఉంటేనే చేయండి.

మీరు రిపేరుకి కూర్చున్నప్పుడు ఇవేమీ నడవకూడదంటే, విండోస్ లోపలికి వచ్చేటప్పుడు డెస్క్‌టాప్ పూర్తిగా వచ్చేదాకా షిఫ్ట్ నొక్కి పట్టుకోండి. స్టార్టప్ ఫోల్డర్‌ను దాటేస్తుంది.

స్టార్టప్ ఫోల్డర్ కాకుండా రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) 'రన్' అనే కీ, షెడ్యూల్డ్ టాస్క్స్ కూడా ఉన్నాయి. షాపు కంప్యూటర్‌కి అవి వద్దు. కంటికి కనిపించే చోట ఉంటే రేపు ఇంకో మెకానిక్ వచ్చినా అర్థం చేసుకుంటాడు. పైగా పాస్‌వర్డ్ లేని యూజర్ పేరు మీద పెట్టిన షెడ్యూల్డ్ టాస్క్ మామూలుగా నడవదు, 'లాగాన్ అయి ఉంటేనే నడుపు' అన్న టిక్కు పెట్టాలి. రిజిస్ట్రీలోని 'కమాండ్ ప్రాసెసర్' కింద ఉండే 'ఆటోరన్' విలువ జోలికి అసలు పోవద్దు. అందులో పెట్టింది నల్ల తెర తెరిచిన ప్రతిసారీ నడుస్తుంది, బ్యాచ్ ఫైలు నడిచినా నడుస్తుంది. అక్కడ మన 'మొదలు.బ్యాట్' పెడితే తెర మీద తెర పుడుతూ పోతుంది. ఎవరో అప్పటికే పెట్టి ఉంటే రన్‌లో 'సీఎండీ /డి' అని తెరవండి. ఆటోరన్ నడవకుండా తెర వస్తుంది, తర్వాత ఆ విలువ చెరిపేయవచ్చు.

విండోస్ 98 డబ్బాలకు

ఇక్కడ దారి వేరు, నిజానికి సులువు కూడా. విండోస్ దాకా వెళ్లకుండా నేరుగా డాస్‌లోనే ఆపేయవచ్చు. యూఎస్‌బీ ప్రింటర్ ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు, పారలల్ ప్రింటర్ ఉండాలి.

డాస్ తెరలో 'అట్రిబ్ -ఆర్ -హెచ్ -ఎస్ సి:\ఎంఎస్‌డాస్.సిస్' కొట్టి, 'ఎడిట్ సి:\ఎంఎస్‌డాస్.సిస్' తో తెరవండి. 'బూట్‌జీయూఐ=1' ని 0 చేయండి. అందులో వరుసగా ఎక్స్ అక్షరాలు ఉన్న గీతలు కనిపిస్తాయి. చెత్త అనుకుని తీసేయకండి, ఆ ఫైలు 1024 బైట్లకు తగ్గకూడదని వాటిని పెట్టారు. కరెంటు పోయి వచ్చినప్పుడు స్కాన్‌డిస్క్ (డిస్కును పరీక్షించే ప్రోగ్రాం) మధ్యలో ఆగి అడగకుండా ఉండాలంటే 'ఆటోస్కాన్=2' పెట్టండి. సేవ్ చేసి, అదే అట్రిబ్ ఆదేశం ప్లస్ గుర్తులతో మళ్లీ కొట్టండి.

తర్వాత సి డ్రైవ్ మొదట్లో ఉన్న 'ఆటోఎగ్జెక్.బ్యాట్' చివర ఇవి చేర్చండి:

స్మార్ట్‌డ్రైవ్ /ఎక్స్
చాయిస్ /సి:బీడబ్ల్యు /టి:బి,5 బిల్లా విండోసా
ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 2 గోటూ విన్
సీడీ \ఏసీసీ
బిల్
గోటూ ఎండ్
:విన్
విన్
:ఎండ్

ఐదు సెకన్లలో ఏమీ నొక్కకపోతే బిల్లు వస్తుంది, డబ్ల్యు నొక్కితే విండోస్. 'ఎర్రర్‌లెవెల్ 2' అంటే రెండు లేదా అంతకన్నా ఎక్కువ అని అర్థం. మూడో ఎంపిక కూడా పెట్టుకుంటే 3ని ముందు, 2ని తర్వాత పరీక్షించాలి. స్మార్ట్‌డ్రైవ్ లేకపోతే డాస్‌లో డిస్కు చాలా నెమ్మది. దాన్ని కొట్టేటప్పుడు 'డ్రైవ్' అన్నచోట డి, ఆర్, వి అని మూడే అక్షరాలు. /ఎక్స్ లేకుండా వాడితే కొట్టిన బిల్లు కాసేపు మెమరీలోనే ఉంటుంది, ఆ కాసేపట్లో కరెంటు పోతే బిల్లూ పోతుంది. 'బిల్' అన్నది ఇంకో బ్యాచ్ ఫైలైతే ముందు 'కాల్' అని చేర్చండి, లేదంటే దాంట్లోకి వెళ్లిన డాస్ తర్వాతి వరుసకు తిరిగి రాదు.

కరెంటు సంగతి

బయోస్‌లో (స్విచ్ వేయగానే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాం) 'ఆఫ్టర్ పవర్ ఫెయిల్యూర్' లేదా 'రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్' అనే అమరిక ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో ఎఫ్2, మిగతా చాలావాటిలో డిలీట్ నొక్కి లోపలికి వెళ్లాలి. 'పవర్ ఆన్' పెడితే కరెంటు రాగానే కంప్యూటర్ దానంతటదే లేస్తుంది. వినడానికి బాగుంటుంది. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను రోజుల్లో కరెంటు పదిసార్లు వచ్చిపోతుంటే, కంప్యూటర్ పదిసార్లు సగం లేచి పడుతుంది. ఫాక్స్‌ప్రో ఇండెక్సులు (పద్దులు వెతకడానికి వాడే సూచిక ఫైళ్లు) పాడయ్యేది అప్పుడే. మనిషి ఉండే షాపులో 'స్టే ఆఫ్' మేలు. 'హాల్ట్ ఆన్' దగ్గర 'ఆల్, బట్ కీబోర్డ్' పెడితే కీబోర్డు వదులైన రోజు కూడా బూటింగ్ ఆగదు.

బ్యాటరీ అయిపోతే ఈ అమరికలన్నీ పోయి 'ఎఫ్1 నొక్కండి' దగ్గర ఆగుతుంది. అల్లూరు, కొత్తపట్నం లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి ర్యాము కాళ్లు కూడా మసకబారి, తెర రాకుండా బీప్ బీప్ మంటుంది. ప్లగ్ తీసి, ర్యాము బయటికి లాగి, బంగారు రంగు కాళ్లను పెన్సిలు రబ్బరుతో తుడిచి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. బ్యాటరీ మార్చేటప్పుడే ఇదీ చేసేయండి.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 98కి 2006 జూలై 11తో ఆగిపోయింది. ఈ డబ్బాలకు ఇంటర్నెట్ కేబుల్ తగిలించకండి.

డబ్బా మార్చాల్సి వస్తే

64 బిట్ విండోస్‌లో డాస్ ప్రోగ్రాములు అసలు నడవవు, ఏ సెట్టింగూ లేదు. అక్కడ డాస్‌బాక్స్ (కొత్త విండోస్‌లో పాత డాస్‌ను అనుకరించే ప్రోగ్రాం) లాంటిది వేసి, దాని కాన్ఫిగ్ ఫైలు చివర ఉండే [ఆటోఎగ్జెక్] కింద 'మౌంట్ సి డి:\పాతది', 'సి:', 'సీడీ ఏసీసీ', 'బిల్', 'ఎగ్జిట్' అని వరుసగా రాస్తే తెరవగానే బిల్లు వస్తుంది. ఏసీసీ ఫోల్డర్‌ను డి:\పాతది లోపల పెట్టండి, మొత్తం సి డ్రైవ్‌ను మౌంట్ చేయకండి. మామూలు డాస్‌బాక్స్ ఆటల కోసం చేసింది, ప్రింటర్‌కి పంపదు. బిల్లింగ్‌కి డాస్‌బాక్స్-ఎక్స్ గానీ, వీడాస్ గానీ తీసుకోండి. కొత్త కంప్యూటర్‌కి డబ్బు కట్టకముందే షాపు డాట్ మ్యాట్రిక్స్‌ను దానికి తగిలించి, మూడు కాపీల కాగితం పెట్టి, ఒక పొడవాటి బిల్లు కొట్టి చూడండి. అంకెలు ఒక గడి పక్కకు జరుగుతున్నాయేమో తెలిసిపోతుంది.